మాఫీ వద్దన్న బావ

మొన్న ఆదివారం పొద్దున టీవీల గోల్ఫు వస్తుంటే చూసుకుంట కూసున్న. మోకాళ్ళకు నూనె రాసుకొని, రెండు కాళ్ళు స్టూలు మీద పెట్టుకొని, దండెం మీద ఆరేసిన లుంగీ లెక్క. ఎక్కడో సముద్రం ఒడ్డున ఆట. ఆ గడ్డి చూస్తే చెప్పులతోటి తొక్కబుద్ధి గాదు, అంత సాఫుగ ఉన్నది. తెల్లటోడొకడు, తాటిచెట్టంత మనిషి, గుంతకు మూరెడు దూరంల బంతి పెట్టుకొని నిలబడ్డడు. ముందటికొచ్చి చూసిండు, ఎనుకకు పోయి చూసిండు, గొంతుక్కూసొని చూసిండు. సంచి మోసెటాయన చెవుల ఏదో చెప్పిండు. చుట్టూ అంత జనం, ఒక్కరు దగ్గుతలేరు. కొట్టిండు. బంతి గుంత అంచు దాకా పోయి, లోపలికి తొంగి చూసి, నాకెందుకులే అనుకున్నట్టు పక్కకు జారింది. అప్పుడు ఆయన మొఖం చూడాలె. దవాఖానల పొద్దటి సంది కూసున్నా పేరు పిలువనోని మొఖం. "గింత దూరం కొట్టుడు రాదు గని వానికి కోట్లు ఇస్తాండ్రా?" అని మా ఇంటామె చిక్కుడుకాయలు తుంచుకుంట అడిగింది. "పాపం, వానికి మాఫీ ఇచ్చెటోడు లేడే," అన్న. ఆమెకు సమజ్ గాలే. నాకు మాత్రం మా బావ యాదికొచ్చిండు.

గోల్ఫు అంటే దొరల ఆట అని మీరు అనుకుంటరు, నాకు తెల్సు. ఎనిమిదో తరగతిల బడి ఇడిసిపెట్టి, హనుమకొండల బోరు మోటార్లకు తీగ చుట్టుకుంట బతికిన నేను గోల్ఫు ఆడుత అంటే, విన్నోళ్ళు ముందుగాల నా మొఖం చూస్తరు, తర్వాత నా చెప్పులు చూస్తరు, ఆఖరుకు "పేకాటనా?" అని అడుగుతరు. ఈ రోగం నాకు అంటించింది మా అక్క మొగుడు. ఆయన ఊరి అవతల ఒక ఆఫీసు క్వార్టర్లల్ల కరెంటు పని చేసెటోడు. ఆడ ఒక పెద్ద సారుకు గోల్ఫు పిచ్చి. క్వార్టర్ల ఎనక బీడుల తొమ్మిది గుంతలు తవ్విపిచ్చుకున్నడు. ఒక్కడే ఆడితే మజా లేదని, ఫ్యూజు ఏయడానికి వచ్చిన మా బావ చేతిల గోల్ఫు కట్టె పెట్టిండు. కొన్నాళ్ళకు సారుకు బదిలీ అయింది. పోతపోత ఆ కట్టెల సంచి బావకు ఇచ్చిపోయిండు. మా అక్క ఆ సంచిని చూసి, "పూలకుండీలతో సహా లారీల ఏసుకపోయినాయన గీ ఇనుప సామాను మనకెందుకు ఇడిసిండు? దీంట్ల ఏదో మతలబు ఉన్నది," అన్నది. మతలబు ఉన్నమాట నిజమే. బావ ఒక్కడే ఆడలేక నన్ను లాగిండు. నేను నా దుకాణం పక్కన లారీలు రిపేరు చేసే భాయ్‌ను లాగిన. అట్ల ముగ్గురం తయారైనం.

మా మైదానంల గడ్డిపోచ లేదు. ఎర్రటి మొరం, తుమ్మకంప, నడుమ నడుమ బండలు. గుంత చుట్టూ మాత్రం నాలుగు అడుగుల మేర, భాయ్ షెడ్డుల మిగిలిన ఇంజనాయిలు ఇసుకల కలిపి పరిచెటోళ్ళం, బంతి సక్కగ దొర్లాలని. ఇంటికి పోతే ముగ్గురు ఆడోళ్ళు మూడు ఇండ్లల్ల ఒక్కటే తిట్టు తిట్టెటోళ్ళు, ఆ మరకలు ఉతకలేక. టీవీల ఆడెటోని బంతి చెట్ల కింద పడితే అధికారొకడు వచ్చి రూలు చెప్తడు. మా బంతి బర్రె కాళ్ళ నడుమ పడితే మేం బర్రెను అడగాలె. ఒకసారి భాయ్ బంతి మీద బర్రె పండుకున్నది. భాయ్ ఒక చెట్టు కింద తువ్వాల పరుచుకొని తాను కూడ పండుకున్నడు. "అది లేస్తే లేపుండ్రి," అన్నడు. ఆ దినం ఆట పొద్దు నడినెత్తికెక్కినంక గాని ముందటికి సాగలే.

ఒక్కసారి హైదరాబాదుల పైసలకు ఆడెటోళ్ళ పోటీలు ఉన్నయంటే బావ, నేను బస్సెక్కి పొయ్యినం. అబ్బో, ఆళ్ళ దెబ్బ దెబ్బ గాదు. బంతి మొగులుల కలిసిపోయి, ఎప్పుడో మనం మర్చిపోయినంక కింద పడేది. కని పొద్దుగూకంగ, అంతా అయిపోయినంక, ఆ దినం ఓడిపోయినాయన ఒక్కడే ఒక మూలకు నిలబడి, ఒకే దూరం, ఒకే దెబ్బ, మళ్ళ మళ్ళ కొడుతాండు. బంతి గుంతల పడితే సంబరం లేదు, పడకుంటే కోపం లేదు. అరటిపండొకటి నమిలిండు, దాని తీపి కూడ ఆయనకు తెల్వనట్టే ఉన్నది. బావ చానాసేపు చూసి, "పారా పోదాం. వీనిది నౌకరి. మనది ఆట," అన్నడు. బస్సుల నేను అన్న, "మనకు గిట్ల పైసలిస్తమంటే నువ్వు గట్ల నిలబడవా బావా?" "నిలబడుత. కని అప్పుడు నిన్ను ఎంటబెట్టుకపోను. నీ ఆట చూస్తే నా ఆట ఖరాబైతది," అన్నడు. జనగామ దాటేదాక నేను కిటికీ దిక్కే మొఖం పెట్టుకొని కూసున్న.

ఇగ మాఫీ సంగతి చెప్పాలె. బంతి గుంతకు దగ్గర, అంటే కట్టె పిడి అంత దూరంల ఆగిందనుకోండ్రి, ఎదుటోడు "మాఫీ" అంటడు. అంటే అది పడ్డట్టే, ఒక్క దెబ్బ లెక్కేసుకో, బంతి తీసుకో అని. దాన్ని అడిగి తీసుకునుడు ఉండదు, ఎదుటోడు ఇయ్యాలె. నౌకరి చేసెటోళ్ళకు ఈ ముచ్చటే లేదు, ఎంత దగ్గరున్నా కొట్టాల్సిందే. మా ఆటల సగం మజా మాఫీదే. భాయ్‌ది పెద్ద చెయ్యి, రెండు మూరలున్నా "మాఫీ రే, లే లో," అనెటోడు. మా బావ పిసినారి. బంతి గుంత అంచున ఒరిగి ఉన్నా, మొగులుకు చూసుకుంట, "వాన వచ్చెటట్టు ఉన్నదా భాయ్?" అని వేరే ముచ్చట పెట్టెటోడు. ఇగ నా నోరైతే, బంతి జర గుంత దగ్గరికి పోంగనే దానంతట అదే "మాఫీ" అనేది. ఏండ్ల సంది అలవాటు.

అట్ల నడుస్తున్న ఆటల, ఒక చలికాలం, బావకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినయి. మాట ముద్ద ముద్దగ వచ్చేది, తర్వాత మెల్లగ తేట పడ్డది. ఏడాది తిరిగేసరికి చేతికర్ర పట్టుకొని ఇంట్ల తిరుగుతాండు. అందరం సంబరపడ్డం. కని మనిషి చప్పబడ్డడు. కూర బాగున్నదా అంటే బాగున్నది, లేదా అంటే లేదు. మా ఇంట్ల అందరికన్న పెద్ద కొట్లాటగాడు ఆయన. గోడకు మొల ఎక్కడ కొట్టాలె అన్నదాని మీద మా అక్కతోటి రెండు దినాలు మాట్లాడకుంట ఉన్న మనిషి. అసొంటోడు తలూపుకుంట కూసుంటే ఇల్లు ఇల్లులెక్క లేదు. ఒకనాడు నేను పోతే మంచం మీదికి వంగమని సైగ చేసిండు. "మైదానానికి తీస్కపో," అన్నడు.

అక్క అడ్డం నిలబడ్డది. "పడ్డడనుకో, నీ దుకాణం ముంగట కూసొని ఏడుస్త, నీ గిరాకీ అంత పోవాలె," అన్నది. "నా గిరాకీ ఎప్పుడో పోయిందక్కా, నువ్వొచ్చి కూసుంటే నలుగురు చూడనీకన్న వస్తరు," అన్న. మూడే గుంతలు, ఎండ ముదరకముందే రావాలె, అని ఒప్పుకున్నది. ఆటోల ఎక్కిచ్చుకొని పోయినం. భాయ్ ముందుగాలనే పోయి గుంతల చుట్టూ రాళ్ళు ఏరి పెట్టిండు.

ఆటో దిగినంక బావ ఎడమ చేత్తోటి కట్టె పట్టుకొని నా దిక్కు చూసిండు. "ఒక్క మాట. ఇయ్యాల నాకు మాఫీ ఇయ్యొద్దు."

"అట్లనే తియ్యి," అన్న.

"తియ్యి గాదు. విను." ఆయన మాటకు మాటకు నడుమ ఊపిరి పీల్చుకుంటాండు. "ఏడాది సంది అందరు నాకు మాఫీలే ఇస్తాండ్రు రా. మీ అక్క నేనేమన్నా ఎదురు చెప్తలేదు. కారంబోర్డు ఆడితే మనుమరాలు కావాల్నని ఓడిపోతాంది. నేను తప్పు చెప్పినా సరే అంటాండ్రు. మనిషి పోయినంక ఫోటో ముంగట మాట్లాడినట్టు మాట్లాడుతాండ్రు. నువ్వన్న నన్ను ప్రతి బంతి కొట్టి ఆడనియ్యి. పడకపోతే పడలేదను."

భాయ్ తలకాయ దించుకున్నడు. నేను సంచిల నుంచి బంతి తీసి బావ ముంగట పెట్టిన.

మొదటి గుంత మా ముగ్గురికి యుద్ధమే. బావ ఒంటి చేత్తో కొట్టుడు, బంతి పది అడుగులు పోవుడు, మేం ఆయన నడకతోటి నడుసుడు. కుడి కాలు మొరంల గీత గీసుకుంట వస్తాంది. ఎన్ని దెబ్బలైనయో ఆయనే గట్టిగ లెక్కపెట్టుకున్నడు, ఒక్కటి కూడ మింగలే. ఆఖరుకు గుంతల ఏసిండు. నేను, భాయ్ చప్పట్లు కొట్టలే. కొడితే తంతడని ఇద్దరికీ తెల్సు.

రెండో గుంత కాడ బావ కొట్టిన బంతి ఇసుక మీద దొర్లుకుంట దొర్లుకుంట పోయి గుంతకు జానెడు దూరంల ఆగింది. మంచి దెబ్బ. రెండు చేతులున్ననాడు కూడ అసొంటి దెబ్బ కొట్టిన యాది లేదు. నాకు ఎంత సంబరమైందంటే, నోట్లెంచి వచ్చేసింది. "మాఫీ!"

బావ కట్టె కింద పడేసిండు. పక్కన బండ మీద కూసున్నడు. "ఆటో పిలువు," అన్నడు.

భాయ్ నా దిక్కు తిరిగి, "నీ నోటికి ఎల్డింగ్ కొట్టాలె రే. రేపు షెడ్డుకు రా," అన్నడు.

నేను నిలబడ్డ. మాఫీ అడిగితే అదొక మాఫీ. అలవాటుల వచ్చిందని చెప్తే అదొక సాకు. ఆయన మొఖం చూస్తే నాకు ఒక్కటే తోచింది, ఇన్నేండ్లు మేం ఎట్ల మాట్లాడుకున్నమో అట్లనే మాట్లాడాలె అని. "బావా, నిజం చెప్తాన. నువ్వు గిది ఏస్తవని నాకు నమ్మకం లేదు. ఇప్పటికి తొమ్మిది కొట్టినవ్. ఇంకో మూడు కొడ్తవ్. నాకు ఆకలైతాంది. అందుకే మాఫీ అన్న, నీ మీద జాలితోటి గాదు."

ఆయన తలకాయ లేపిండు. "అడ్డగాడిదా. మూడా?"

"మూడు. నాలుగు కూడ కావొచ్చు."

"కట్టె అందియ్యి భాయ్," అన్నడు.

లేసిండు. కొట్టిండు, బంతి గుంత పక్కనుంచి పోయి అవతల ఆగింది. "పది," అన్న నేను. మళ్ళ కొట్టిండు, అంచుకు తగిలి ఆగింది. "పదకొండు," అన్న. మళ్ళ కొట్టిండు. గుంతల సిన్న రేకు డబ్బా ఉండేది, అండ్ల బంతి పడ్డ సప్పుడు విన్నం. "పన్నెండు. నేను చెప్పలేదా మూడని?" అన్న. బావ నా బంతి దిక్కు కట్టె చూపిచ్చిండు. అది గుంతకు జానెడుకన్న దగ్గరున్నది. భాయ్ అలవాటుకొద్ది "మా" అని మొదలుపెట్టి నోరు మూసుకున్నడు. "కొట్టు," అన్నడు బావ. "నాకు లేనిది నీకెక్కడిది?"

కొట్టిన. పడలే.

బావ నవ్విండు. ఏడాది సంది విననిది ఆ నవ్వు. ఒక పక్క మూతి కదలదు గద, నవ్వు అంతా ఎడమ పక్కకే వచ్చింది. చొంగ కారితే భాయ్ తువ్వాల తీసిండు గని, బావ చెయ్యి అడ్డం పెట్టి తన అంగీ చేతితోటి తానే తుడుసుకున్నడు. మూడో గుంతల ఇద్దరం ఏం ఎలగబెట్టలే, ఆ సంగతి చెప్పను. మొత్తంగ ఆయన నా మీద మస్తు దెబ్బలతోటి ఓడిపోయిండు.

ఇంటికి పోంగనే అక్క గడప కాడనే ఉన్నది. కాళ్ళు, చేతులు, మొఖం అన్ని తడిమి చూసి, "ఎవరు గెలిచిండ్రు?" అని అడిగింది. నేను ఏదో అనబోయేలోపట బావ, "వీడే. నేను ఓడిన," అన్నడు. అక్క నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలే. "సిగ్గులేదారా? రోగమొచ్చిన మనిషిని ఓడగొడ్తవా?" అన్నది. "ఓడగొట్టిండు," అన్నడు బావ, కుర్చీల కూసుంట. "సక్కగ ఓడగొట్టిండు. బువ్వ పెట్టు." కంచంల బీరకాయ కూర ఏస్తే రెండు బుక్కలు తిని, "దీంట్ల ఉప్పు లేదు, కారం లేదు. ఇది కూరనా, దవాఖాన తిండా?" అన్నడు. అక్క ఏడాది సంది ఆపుకున్నదంత ఒక్కసారి తీసింది. "డాక్టరు ఉప్పు వద్దన్నడు, నీకు చెవులు కూడ పడిపోయినయా?" అన్నది. గరిటె గిన్నెకేసి కొట్టి అరుస్తాంది, ఈయన ముద్ద ముద్దగ తిరిగి అరుస్తాండు. భాయ్, నేను గోడకు ఒరిగి నిలబడి విన్నం. పక్కింటోళ్ళు తలుపు తీసి చూసిండ్రు. మాకు పోబుద్ధి గాలే.

ఆ తర్వాత ఇంకొన్ని చలికాలాలు ఆడినం. బావ ఒక్కనాడు గెలువలే. ఇప్పుడు ఆయన లేడు, భాయ్‌కి నడుము లేస్తలేదు, నాకు మోకాళ్ళు. దుకాణం నా కొడుకు చూసుకుంటాండు, నేను పోయి కుర్చీల కూసొని ఎప్పటిలెక్క వచ్చిపోయెటోళ్ళ మీద జోకులేస్త. ఈ మధ్య ఒకటి కనిపెట్టిన. జోకు బాగలేకున్నా పనోళ్ళందరు నవ్వుతాండ్రు. ముసలితనం మోకాళ్ళల్లకెంచి వస్తదని డాక్టరు చెప్పిండు గని, నాకైతే అది ఎదుటోళ్ళ నవ్వులకెంచి, ఎవ్వరు చెప్పకుండ, మెల్లగ వచ్చి పక్కన కూసున్నది.