చక్రం వెనక సగం రాయి

మా పెద్దోడు పోయి నలభై దినాలు దాటింది. ఆ పొద్దు తొమ్మిది గంటలకు తేంగాయితిట్టు నుంచి ఎవురో వాడి ఫోన్‌లోనే నాకు చేసినారు. కారులో కూర్చున్నోడు కూర్చున్నట్టే ఉండాడు, పిలిస్తే పలకడం లేదు, బిరీన రాండి అన్నారు. నేను అడిగిన మొదటి మాట, "బ్రేకు పట్టలేదా?" అని. అంత దుఃఖంలో బ్రేకు సంగతి ఎందుకడిగినానో చెప్పాలంటే ముందు ఆ కారు సంగతి చెప్పాలి.

మన తెలుగోళ్ళ సంఘం పుస్తకానికి వాడి గురించి నాలుగు మాటలు రాయమన్నారు. నేను చదివింది అయిదో క్లాసు, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో నేర్పించినవి. తప్పులుంటే సరిచేసుకొని చదువుకోండి.

వాడు కుట్టుమిషన్లు రిపేరు చేసేవాడు. మిషన్ తలకాయను స్కూటర్ వెనక కట్టుకొని సోలై నగర్ దాకా పోయి వచ్చేవాడు. ఒకసారి వానలో జారి పడినాడు. దాని తర్వాతే ఈ చిన్న కారు కొన్నాడు. అప్పటికే దానికి పన్నెండేండ్లు. అమ్మిన పెద్దాయన బీగంచెవి చేతికిచ్చే ముందు తన తుండుతో కారంతా తుడిచినాడు. ఇంత తుడుస్తా ఉండాడంటే ఏందో దాస్తా ఉండాడని నాకు తోచింది. బాగుండే బండిని ఎవురైనా అమ్ముకుంటారా? ఇందులో ఎవురైనా చనిపోయినారా అని ఆయన్ను అడిగేసినాను. మావాడు తల వంచుకున్నాడు. ఆయన మాత్రం కోపం చేసుకోలేదు. ఇద్దరు మనవళ్ళను పుట్టినాక ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నది ఈ బండిలోనే అన్నాడు. అట్లయితే ఎందుకు అమ్ముతా ఉండాడో అని నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

ఇంటికొచ్చినాక నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టినాము. మూడు పగిలినాయి, ఒకటి పగలకుండా కాలవలోకి దొర్లిపోయింది. "ఆ టైరులో గాలి తక్కువమ్మా, అంతే," అని వాడు ఇంకో నిమ్మకాయ తెచ్చి పెట్టినాడు.

మంచిదీ చెప్పాలి. మా వీధి సందులో పెద్ద కార్లు తిరగలేక నిలబడిపోతే ఇది పిల్లి మాదిరి దూరిపోయేది. అప్పుకు నెలనెలా కంతు కట్టాల్సిన పని లేదు. ఏది చెడినా మా షెడ్డు మేస్త్రి ఒక స్పానరు పట్టుకొని కూర్చుంటే సాయంత్రానికి తిరిగేది. వీధిలో ఎవురికి బాగలేకపోయినా కదిర్కామం ఆస్పత్రికి వాడే తీసకపోయేవాడు. చెడ్డా ఉంది. వానొస్తే కాళ్ళ కింద నీళ్ళు. ఎండాకాలం ఇంజన్ కాగిపోయి దోవలో నిలిచేది. గుద్దుకుంటే ఉబ్బి కాపాడే సంచి లేదు. బండికి పదిహేనేండ్లు నిండినాక ఆర్టీవో ఆఫీసులో చూపించి, ఇంకా తిరగొచ్చని మళ్ళీ కాగితం తెచ్చుకున్నాడు. నేను ఆ కాగితాన్నీ నమ్మలేదు. కారెక్కితే చాలు, చెవులు నిక్కబొడుచుకొని కూర్చునేదాన్ని. ఆ టకటక ఏంది, ఈ వాసన యాడ నుంచి వస్తా ఉండాదని ప్రాణం తీసేదాన్ని.

వాడు నవ్వి ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "పాత బండి అబద్ధం చెప్పదమ్మా. యాడ నొప్పి ఉంటే ఆడ ముందే అరుస్తుంది."

చేతి బ్రేకు మాత్రం ఎంత బిగించినా వదులయ్యేది. ఆ దినాల్లోనే నా మసాలా నూరే రాయి చేయి జారి రెండు ముక్కలైంది. పగిలిన రాయి ఇంట్లో ఉండకూడదు, సముద్రంలో వేసి రా అని వాడికిచ్చినాను. ఒక ముక్క వేసినాడు. రెండోది సీటు కింద పెట్టుకున్నాడు. కారు యాడ నిలిపినా దిగి, వెనక చక్రానికి ఆ రాయి ఆనించి, కాలితో ఒకసారి తట్టి చూసేవాడు. అరిష్టంరా అంటే, ముప్పై ఏండ్లు మనకు అన్నం పెట్టిన రాయి మనకేం చేస్తుందమ్మా అనేవాడు.

పోయే ముందు రెండు వారాలుగా రొమ్ము పట్టుకొని కూర్చునేవాడు. ఏందిరా అంటే గ్యాస్ అన్నాడు. సోడా తాగినాడు. నేను నమ్మినాను. కారు దగ్గితే పది ప్రశ్నలు అడిగినదాన్ని, కొడుకు దగ్గర ఒక్కటి అడిగి ఊరుకున్నాను.

గుండె నిలిచిపోయిందని డాక్టర్ చెప్పినా నేను ఒప్పుకోలేదు. మేస్త్రిని పిలిచి కారంతా విప్పించినాను. "అక్కా, కాలి బ్రేకు బాగుండాది. నా చేత్తోనే వేసినాను," అని ఆయన ఏడ్చినాడు. ఆయన తన తప్పు కప్పుకుంటా ఉండాడనుకున్నాను. బండిని పాత ఇనుముకు వేసేయమని కోడల్ని పోరినాను. కోడలికీ రిపేరు పని తెలుసు, కారూ నడుపుతుంది. "మిషన్లు తలమీద పెట్టుకొని పోనా అత్తా?" అనింది. వాడి పాపను కూర్చోబెట్టుకొని అందులో తిరుగుతుందని తలుచుకుంటే నాకు అన్నం దిగలేదు. ఒక వారం ఆమెతో మాట్లాడలేదు.

పదహారో దినం కర్మ అయినాక ఒక చేపలమ్మే ఆమె ఇల్లు వెతుక్కుంటా వచ్చింది. చేతిలో బరువుగా ప్లాస్టిక్ కవరు. ఏం అడగడానికి వచ్చిందో అని నేను వాకిట్లోనే నిలబెట్టినాను. కవరులోంచి నా సగం రాయి తీసింది. కారు తీసకపోయినాక అది దోవలోనే పడి ఉందంట.

ఆమె చెప్పింది ఇది. తేంగాయితిట్టు వంతెన ఎక్కే ఏటవాలులో మావాడు కారు ఒక పక్కకు తీసి నిలిపినాడు. కారు వెనక, పల్లంలో, వీళ్ళు అయిదుగురు ఆడోళ్ళు గంపలు పెట్టుకొని కూర్చోని ఉండారు. వాడు ఒక చెయ్యి రొమ్ము మీద పెట్టుకొని, ఇంకో చేత్తో రాయి పట్టుకొని దిగినాడు. ముఖమంతా చెమట. నాయనా, కూర్చో, నీళ్ళు తాగు అని ఈమె లేచింది.

"ఉండక్కా, ముందు ఇది పెట్టనీ," అన్నాడంట.

రాయి పెట్టినాడు. కాలితో తట్టి చూసినాడు. మళ్ళీ పోయి సీట్లో కూర్చున్నాడు. ఆమె చెంబు తీసుకొని పోయేలోపల అయిపోయింది.

ఆమెను లోపలికి పిలిచి కూర్చోబెట్టి కాఫీ ఇచ్చినాను. మరునాడు మేస్త్రి షెడ్డుకు పోయి, నీ బ్రేకు పట్టింది తమ్ముడూ, తప్పు నాదే అని చెప్పి వచ్చినాను.

కారు ఇప్పుడు కోడలు నడుపుతా ఉండాది. నాకు అనుమానం పూర్తిగా పోలేదు, ఇప్పుడూ ప్రతి చప్పుడూ వింటాను. కోడలు కొంచెం ఆయాసపడితే అదీ వింటాను, నిజం చెప్పే దాకా వదలను. నేను ముందు సీట్లో కూర్చుంటాను, రాయి నా ఒళ్ళో ఉంటుంది. దానికి ఒక పక్క పసుపు మరక, ఇంకో పక్క టైరు నలుపు. ఎంత కడిగినా రెండూ పోలేదు. కారు నిలిస్తే ముందు నేను దిగుతాను. రాయి చక్రానికి ఆనించి, కాలితో ఒకసారి తట్టి, అప్పుడు పాపను దిగమంటాను.