ఖాళీ హాల్లో కర్చీఫ్

మా అత్తయ్య శుక్రవారం తెల్లారేసరికి పోయింది. ఆ రోజు మార్నింగ్ షోకి తెనాలిలో ఒక చిన్న సినిమా విడుదల. అలాంటి సినిమా ఉన్న రోజున ఆవిడ తనంతట తాను ఇంకెక్కడికీ వెళ్ళదని మా చుట్టాలందరికీ తెలుసు. కాబట్టి ఇది దేవుడు ఆవిణ్ణి అడక్కుండా చేసిన పనేనని నా నమ్మకం.

మావయ్య ఫోన్ చేసి, "ఒరేయ్, మీ అత్త నిద్రలోనే పోయిందిరా" అన్నాడు. తర్వాత, "సినిమాకని చీరా కర్చీఫూ కుర్చీ మీద తీసి పెట్టుకుంది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది ఆ మాటకే.

అత్తయ్య మా నాన్నకు అక్క. పుట్టింది బాపట్లలో, కాపురం చేసింది రేపల్లెలో, మావయ్య రిటైరయ్యాక స్థిరపడింది తెనాలిలో. ఆవిడకు ఆదివారం చర్చి ఎంతో, శుక్రవారం సినిమా అంత. అయితే అన్ని సినిమాలూ కాదు. పెద్ద హీరోల సినిమాకు రమ్మంటే, "అక్కడ మన అవసరమేముందిరా, బోలెడు జనం ఉన్నారుగా" అనేది. ఆవిడకు కావలసినవి కొత్త కుర్రాళ్ళు చేతిలో ఉన్నదాంతో తీసిన, నవ్వించే ప్రేమకథలు. పోస్టరు మీది మొహాలు ఎవరివో వాళ్ళ అమ్మానాన్నలకు తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. వాటిలో హీరో అమ్మాయికి మనసులో మాట చెబుదామని బయల్దేరతాడు. వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళగానే అమ్మాయి నాన్న గ్యాస్ బండ మేడ మీదికి ఎక్కించమంటాడు. ఎక్కించి, మంచినీళ్ళు తాగి, ఏమీ చెప్పకుండా తిరిగొస్తాడు. అంతే, ఇంటర్వెల్.

నేనేమో ఫైట్లు లేనిదాన్ని సినిమా కింద లెక్కవేయని మనిషిని. అయినా నా కళ్ళజోళ్ళ షాపు మూయించి మరీ లాక్కుపోయేది. "ఏంటత్తయ్యా, అరగంట నుంచి ఇద్దరూ ఉల్లిపాయలే కోస్తున్నారు" అని విసుక్కుంటే, "పెద్ద సినిమాలో వాడు వందమందిని కొడతాడు. వీడు ఒక్క మాట చెప్పడానికి చచ్చిపోతున్నాడు. ఏది కష్టంరా?" అనేది. ఇంకోసారి, "వాళ్ళకి ప్రేమ మంచుకొండల మీద దొరుకుద్ది. మన తెనాల్లో కొండేదిరా? కాలవుంది, బస్టాండుంది. మనకి దొరికితే అక్కడే దొరకాలి" అంది. నేను ఒప్పుకోలేదు. కానీ మా ఆవిడ కూరలో ఉప్పు చూసేటప్పుడు ఒక కన్ను మూస్తుందని, పెళ్ళయిన ఇన్నేళ్ళకు, ఆ ఉల్లిపాయల సినిమా చూసొచ్చిన సాయంత్రమే గమనించాను. ఆ సంగతి అత్తయ్యకు చెప్తే, "చూశావా, నీ ఇంట్లో కూడా ఆడుతుంది సినిమా" అని మురిసిపోయింది.

చిక్కల్లా ఒకటే. ఆ సినిమాలకు జనం రారు. పదిమందైనా లేకపోతే షో వెయ్యరు. మేనేజరు గారు తలుపు దగ్గర నిలబడి, "ఏసీ కూడా గిట్టుబాటు కాదు మేడం గారూ" అని నీళ్ళు నమిలేవాడు. అప్పుడు అత్తయ్య కొంగు దోపుకుని రోడ్డు మీదికి వెళ్ళేది. భట్టిప్రోలు బస్సు కోసం నిలబడ్డ వాళ్ళను, "ఇప్పుడప్పుడే రాదు బాబాయ్, ఎండలో ఏం నిలబడతారండి? లోపల చల్లగా ఉంటుందండి, సినిమా కూడా ఉంటుంది" అని పిలిచేది. ఆ వరుసలోనే ఒకసారి స్కూటర్ మీద పోతున్న మా చర్చి అయ్యగారిని కూడా ఆపింది.

"అయ్యగారూ, ఒక్క మనిషి తక్కువయ్యారండి."

ఆయన అటూ ఇటూ చూసి, "ముద్దులవీ ఉండవు కదమ్మా?" అన్నాడు.

"అబ్బే, వాళ్ళకంత ధైర్యం ఎక్కడిదండీ!"

ఆయన వచ్చి చివరిదాకా చూశాడు. ఆ ఆదివారం ప్రసంగంలో, మంచి మాట చెప్పాలనుకుంటే వెంటనే చెప్పెయ్యాలి, గ్యాస్ బండలు మొయ్యకూడదు అన్నాడు. చర్చిలో ముగ్గురికే అర్థమైంది.

అలా జనాన్నంతా లోపలికి తోలి, అత్తయ్య అందరికన్నా ఆఖర్న వచ్చేది. తను దారి పక్క సీట్లో కూర్చుని, పక్క సీటు మీద కర్చీఫ్ వేసేది, బస్సులో సీటు ఆపినట్టు. హాల్లో ఎటు చూసినా ఖాళీ కుర్చీలే.

"ఇంత ఖాళీలో కర్చీఫ్ ఎందుకత్తయ్యా?"

"మీ మావయ్యకిరా. వస్తారేమో. ఈలోపు ఎవడికైనా ఇదే నచ్చిందనుకో?"

మావయ్య వచ్చేవాడు కాదు. ఆవిణ్ణి స్కూటర్ మీద దించి, ఎదురుగా టీ కొట్టు బల్ల మీద పేపరు పట్టుకుని కూర్చునేవాడు. దీని వెనక ఒక కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో రేపల్లెలో ఆవిణ్ణి ఒక ఏడుపు సినిమాకు తీసుకెళ్ళాడట. తెర మీద హీరో తల్లి చనిపోతూ అందరికీ పేరుపేరునా అప్పగింతలు పెడుతోంది. హాలంతా ముక్కులు తుడుచుకుంటుంటే అత్తయ్య, "పోయే మనిషి ఇంతసేపు మాట్లాడుద్దేంటండీ?" అని పైకే అడిగి, నవ్వడం మొదలుపెట్టింది. ఆవిడ నవ్వు మీకు తెలియదు. చేలో ఆయిలింజను స్టార్టయినట్టు, ముందు రెండు దగ్గులు దగ్గి అందుకునేది, ఇక ఆగేది కాదు. వెనక వరసలోనే మావయ్య పైఆఫీసరు కుటుంబంతో సహా కూర్చుని ఉన్నాడు. "ఇక నీ పక్కన హాల్లో కూర్చుంటే ఒట్టు" అని మావయ్య ఆరోజే తేల్చేశాడు.

మాట మీద నిలబడే మనిషి ఇంట్లో ఉంటే ఎంత నరకమో మీకు చెప్పక్కర్లేదు. తెనాలిలో ఎత్తేసిన సినిమా బాపట్లలో ఉందని తెలిసి ఒకసారి రైలెక్కి వెళ్ళాం. మావయ్య కూడా వచ్చాడు. అంతదూరం వచ్చి అక్కడా టీ కొట్టే వెతుక్కున్నాడు. "నువ్వొకసారి గట్టిగా అడగొచ్చుగా" అన్నాను అత్తయ్యతో. "నేనడిగితే వచ్చినట్టు కాదురా. చిన్న సినిమాలో ఎవరూ పిలిస్తే రారు, వాళ్ళంతట వాళ్ళే వస్తారు" అంది.

షో వదిలాక మావయ్య ఆవిడ చేతిలో వేరుశనక్కాయల పొట్లం పెట్టేవాడు. "అయిపోయిందా?" "అయిపోయిందండి." "కలిశారా?" "కలిశారండి." అంతే, స్కూటర్ స్టార్ట్ చేసేవాడు. నేను చూసినన్నాళ్ళూ ఆ ప్రశ్న అడగకుండా మాత్రం బండి తీయలేదు.

ఆవిణ్ణి సమాధుల తోటలో పెట్టి వచ్చాం. గురువారం పొద్దున ఇంటినిండా చుట్టాలు, అయ్యగారు ప్రార్థన ముగించి టీ తాగుతున్నారు. మావయ్య ఉన్నట్టుండి, "ఒరేయ్, ఆ సినిమా ఉందా ఇంకా?" అన్నాడు.

"ఇవాళే ఆఖరు మావయ్యా. రేపు పెద్ద సినిమా వస్తుంది."

మావయ్య లేచి చెప్పులు వేసుకున్నాడు. మా అమ్మ బిత్తరపోయింది. "ఇంకా వదిన పేరున ఆదరణ కూడికైనా జరగలేదు, సినిమా ఏంటండీ అన్నయ్యగారూ? నలుగురూ ఏమనుకుంటారు?" అని, మీరైనా చెప్పండన్నట్టు అయ్యగారి వైపు చూసింది. ఆయన గ్లాసు కింద పెట్టి, "జనం తక్కువైతే షో వెయ్యరమ్మా. నేనూ వెళ్తాను" అని లేచాడు.

హాలు దగ్గర మేనేజరు గారు మమ్మల్ని చూసి, మా వెనక్కి చూశాడు. సంగతి చెప్తే కళ్ళు తుడుచుకున్నాడు. "చాలరండి. మేడం గారు లేకపోతే జనాన్ని ఎవరు పిలుస్తారు?" అన్నాడు. ఫైట్ల సినిమాలకు ఈలలు వేసే నేను, రోడ్డు మీదికి వెళ్ళి గొంతు సవరించుకున్నాను. "బాబాయ్, లోపల చల్లగా ఉంటుందండి. సినిమా కూడా ఉంటుందండి." మొదట్లో నా మొహం చూసి ఎవరూ నమ్మలేదు. మెల్లగా ఆరుగురు దొరికారు. ఆఖర్న రేపల్లె బస్సు తప్పిపోయి, చేతిలో క్యారేజీతో నిలబడ్డ ఒకాయన, "సరే పదండి" అన్నాడు.

నేను లోపలికి వచ్చేసరికి మావయ్య మేనేజరుని అడిగి తెలుసుకుని అత్తయ్య వరసలో కూర్చున్నాడు, ఇన్నేళ్ళూ తనకోసం ఆపి ఉంచిన సీట్లో. జేబులోంచి అత్తయ్య కర్చీఫ్ తీసి, దారి పక్క సీటు మీద వేశాడు.

"పోయే మనిషి అంతసేపు మాట్లాడుద్దా అని నవ్విందిరా. తను మాత్రం ఒక్క మాటన్నా చెప్పకుండా పోయింది" అన్నాడు.

లైట్లు ఆరాయి. క్యారేజీ ఆయన చీకట్లో తడుముకుంటూ వచ్చి, ఇంత హాలూ వదిలేసి, సరిగ్గా ఆ కర్చీఫ్ దగ్గరే ఆగాడు. మావయ్య దాని మీద చెయ్యి వేసి, "మనిషుందండి" అన్నాడు. ఆయన చుట్టూ ఉన్న ఖాళీ కుర్చీలన్నీ ఒకసారి చూసి, వెళ్ళి వేరేచోట కూర్చున్నాడు.

సినిమాలో హీరో అమ్మాయి చెప్పులు కుట్టించడానికి ఊరంతా తిరిగాడు. ఒకచోట మావయ్య నా చెవిలో, "ఇక్కడ నవ్వేదిరా" అన్నాడు. కాసేపటికి, దగ్గినట్టుగా, తనే నవ్వాడు. ఇంకాసేపటికి ఇంజను అందుకుంది. ముందు వరసలో అయ్యగారు వెనక్కి తిరిగి చూశాడు.

లైట్లు వెలిగాక జనం లేచి వెళ్ళిపోయారు. మావయ్య కదల్లేదు. కర్చీఫ్ తీసి, మడతలు సరిచేసి, ఆ సీటు వైపు వంగి మెల్లగా చెప్పాడు.

"కలిశారే, కలిశారు."