ఖర్జూరం గింజల హాజరు

1990 ఆగస్టు 2, గురువారం, ఉదయం అయిదూ పది. కువైట్‌లో, జాబ్రియాలో మామా వాళ్ల వంటింట్లో పొయ్యిమీద పాలు పెట్టి నిలబడి ఉండగా కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పాలు పొంగకముందే ఆకాశంలో హెలికాప్టర్లు కనిపించాయి. ఇరాక్ సైన్యం ఊళ్లోకి వచ్చేసిందని పక్కింటివాళ్లు చెప్పారు. నా తిరుగు ప్రయాణం ఆ నిమిషానే మొదలైందని డైరీలో రాసుకున్నాను. బస్సెక్కింది మాత్రం యాభై అయిదు రోజుల తర్వాత.

మామా అంటే నా యజమానురాలు. కుటుంబమంతా వేసవికి వేరే దేశం వెళ్లి ఉన్నారు. ఇంట్లో నేనొక్కదాన్ని, నా కొంగుకు తాళాల గుత్తి. నాకప్పుడు యాభై రెండేళ్లు. మాది కడప దగ్గర పల్లె. చదువు ఎనిమిదో తరగతి. కువైట్‌కు 1981లో వచ్చాను. అంతకుముందు పదమూడేళ్లు బొంబాయిలో యూదుల మతపాఠశాలలో వంట చేశాను. ఆ బడి సంగతి ముందే చెప్పాలి. దారిలో నాకు అక్కరకొచ్చింది అక్కడ నేర్చినదే.

ఆ వంటింట్లో రెండు సంసారాలు ఉండేవి. మాంసానికి ఒక పొయ్యి, ఒక వరస గిన్నెలు, కడిగే తొట్టి. పాలూ పెరుగుకు వేరే. ఒకదాని గరిటె రెండోదానిలో పడితే ఆ పూట వంట పారబోయాల్సిందే. మొదటి నెలలో నావల్ల రెండుసార్లు పారబోశారు. మూడోసారి జరగకూడదని మాంసం గరిటెలకు ఎర్రదారం, పాల గరిటెలకు తెల్లదారం కట్టాను. మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు ఉప్పులో ఉంచి, మూడుసార్లు కడగాలి. గుడ్డును ముందు గ్లాసులో కొట్టి చూడాలి, నెత్తుటి చుక్క ఉంటే పనికిరాదు. మాంసం కూరలో పెరుగు వేయకూడదు, కొబ్బరిపాలు పోసుకోవాలి. పొయ్యి వెలిగించడం నా పని కాదు, వాళ్లలో ఒకరు వచ్చి అగ్గిపుల్ల గీసి వెళ్లాకే నేను గిన్నె ఎక్కించేదాన్ని. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్లు నిప్పు ముట్టరు, బండెక్కరు.

హాస్టలు పిల్లలకు ఉదయం ఆరున్నరకు ప్రార్థన. గంట కొట్టేదీ హాజరు చూసేదీ నేనే. వాళ్లు మనుషుల్ని ఒకటి, రెండు అని లెక్కపెట్టరు, కీడు అంటారు. అందుకని ఒక్కో పిల్లకు ఒక్కో చింతగింజ. ప్రార్థనకు వచ్చి ఎవరి గింజ వాళ్లే డబ్బాలో వేయాలి. వార్డెనమ్మ గింజలు లెక్కపెట్టి రిజిస్టరులో రాసుకునేది. నిద్రపోతున్న స్నేహితురాలి గింజ కూడా తెచ్చి వేయబోయే పిల్లలుండేవారు. వాళ్ల మొహం చూస్తే నాకు తెలిసిపోయేది, గింజ వెనక్కి ఇచ్చేదాన్ని. పదమూడేళ్లలో ఒక్క దొంగగింజ కూడా నా డబ్బాలో పడలేదు.

సెప్టెంబరు 26, బుధవారం, ఉదయం ఆరు. ఖైతాన్‌లో ఒక బేకరీ ముందు బస్సు ఆగింది. మనవాళ్లే నలుగురు కలిసి మాట్లాడిన బస్సు, మనిషికి ఇరవై దినార్లు. ఒక్క సంచికే చోటు అన్నారు. ట్రంకుపెట్టె, కుట్టుమిషను జాబ్రియాలోనే వదిలేశాను. సంచిలో రెండు పూటలకు పులిహోర, మూడు కిలోల ఖర్జూరాలు, రెండు చెంచాలు, డైరీ, ఇంటి తాళాలు. నెలా ఇరవై అయిదు రోజులుగా తిన్న ఖర్జూరాల గింజలు ఒక పాలపొడి డబ్బాలో ఉన్నాయి. ఎందుకు పారేయలేదో అప్పటికి నాకూ తెలియదు.

బస్సుకు పెద్ద ఓబులేసు. రాయచోటివాడు, మిష్రిఫ్‌లో ఒక ఇంట్లో ఆరేళ్లుగా డ్రైవరు. వేలు చూపిస్తూ ఒకటి, రెండు అని మొదలుపెట్టాడు. నాకు ప్రాణం ఒప్పలేదు.

"మనుషుల్ని అట్లా లెక్కపెట్టొద్దు నాయనా."

"మరెట్ట లెక్కబెట్టేది పెద్దమ్మా? దావలో ఎన్ని చెక్‌పోస్టులుండాయో ఏమో. ఎవరన్నా దిగబడిపోతే?"

డబ్బా తెరిచి ఒక్కొక్కరి చేతిలో ఒక్కో గింజ పెట్టాను. ఎక్కేటప్పుడు డబ్బాలో వేయాలి, దిగేటప్పుడు తీసుకోవాలి. గింజలు నలభై ఆరు.

"కువైట్‌లో అందరూ బంగారం దాచుకుంటే పెద్దమ్మ గింజలు దాచుకునింది సూడండి!" అన్నాడు ఓబులేసు. దాదాపు రెండు నెలల తర్వాత జనం నవ్వగా విన్నాను.

నా పక్క సీటులో పాతికేళ్ల నర్సు కూర్చుంది. పేరు మిల్కా, బొంబాయి పిల్ల, జాబ్రియాలోనే ఆసుపత్రిలో పని. మేమిద్దరం హిందీలో మాట్లాడుకున్నాం.

అబ్దలీ దగ్గర సరిహద్దు దాటేసరికి తొమ్మిదిన్నర. బస్రా చేరేసరికి ఒంటిగంటంబావు. అక్కడ హోటలువాడు ఒకే పళ్లెంలో మాంసం అన్నం, దానిమీద పెరుగు వేసి ఇచ్చాడు. మిల్కా పళ్లెం పక్కనపెట్టి రొట్టె మాత్రం తీసుకుంది. నేను పులిహోర విప్పి, కొన్న పెరుగు కోసం రెండో చెంచా తీశాను. ఆమె నా చేతినే చూస్తోంది.

"ఆ తెల్లదారం ఎందుకు కట్టారు?"

"పెరుగు చెంచా అది. ఎర్రదారంది కూరకు. పాత అలవాటు."

"మా బడి వంటింట్లో గరిటెలకూ ఇలాగే ఉండేది" అంది గొంతు తగ్గించి. "ముందు పనిచేసిన మావశీ నేర్పిందని చెప్పేవారు."

మరాఠీలో మావశీ అంటే పిన్ని. బడిలో పిల్లలందరూ నన్ను అలాగే పిలిచేవారు. నేను 1979లో మానేశాను, ఈ పిల్ల చేరింది 1980లో. ఏడాది తేడాతో తప్పిపోయినవాళ్లం బస్రాలో కలిశాం. ఆమె రెండు చేతులతో నా చెయ్యి పట్టుకుంది. ఏ మతమని ఆ దారిలో పైకి చెప్పుకోవడం మంచిది కాదని ఇద్దరికీ తెలుసు. ఇక ఆ మాట ఎత్తలేదు.

బస్సు కదిలాక మెల్లగా అడిగింది. "మావశీ, అమావాస్య ఎప్పుడు వచ్చిందో గుర్తుందా? నా కాలెండరు ఆసుపత్రి గదిలో ఉండిపోయింది."

డైరీ తీశాను. అమావాస్య 18, మంగళవారం. ఆ లెక్కన వాళ్ల కొత్త సంవత్సరంలో పదో రోజు ఉపవాసం, ఏడాది మొత్తంలో పెద్దది, 28 శుక్రవారం పొద్దుగూకాక మొదలై శనివారం చుక్కలు పొడిచేదాకా. మన విజయదశమి కూడా ఆ శనివారమే. మిల్కా వేళ్లమీద లెక్కవేసుకుని తలూపింది. "ఈసారి ఎక్కడున్నా వదలను" అంది.

బాగ్దాద్‌లో గురువారమంతా వేరే బస్సు కోసం కూర్చున్నాం. టీ, రొట్టె తప్ప డైరీలో రాసిందేమీ లేదు. శుక్రవారం ఉదయం అయిదున్నరకు బయల్దేరి, జోర్డాన్ సరిహద్దు దాటి, గుడారాల శిబిరానికి సాయంత్రం అయిదుకు చేరాం. దిగేటప్పుడు అందరూ గింజలు తీసుకున్నారు. పొద్దు వాలేలోపు మిల్కా రెండు రొట్టెలు, ఆరు ఖర్జూరాలు తిని, నీళ్లు తాగి, సీసాకు మూత బిగించింది.

శనివారం ఎండ గుడారంలోకే వచ్చి కూర్చుంది. మిల్కా చిన్న పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెదవులు కదుపుతోంది. ఓబులేసు రొట్టెలు పంచుతూ వచ్చాడు.

"ఏం నర్సమ్మా, తినవా?"

"శనివారం ఒక్కపొద్దు" అన్నాను నేను.

"ఏడుకొండల సామికా? ఆయన బొంబాయి దాకా పోయినాడా?"

"ఆయన ఎంతదూరమైనా పోతాడు. నువ్వు పద."

చెప్పింది అబద్ధం కాకూడదని నేనూ రొట్టె ముట్టలేదు.

సాయంత్రం అయిదున్నరకు అమ్మాన్ బస్సు వచ్చింది. పేర్లు పిలిచి, వెంటనే ఎక్కమన్నారు. బస్సు తప్పినవాళ్ల పేరు జాబితా చివరికి పోతుందని ముందురోజే చెప్పారు. అలా పోయినవాళ్లు పన్నెండు రోజులుగా అక్కడే ఉన్నారు. పొద్దు ఇంకా ఉంది. మిల్కా లేవలేదు.

"ప్రాణం మీదికొస్తే ఎక్కొచ్చని మీ వార్డెనమ్మే చెప్పేది" అన్నాను.

"ప్రాణం మీదికి రాలేదు మావశీ. ఈ రెండు నెలల్లో ఉద్యోగం, గది, అన్నీ వదిలాను. ఈ ఒక్కరోజు నాకుండనీయండి." గింజ తీసి నా చేతిలో పెట్టింది. "నాది కూడా మీరే వేసేయండి. లెక్క సరిపోతే బస్సు ఆగదు. నాకోసం వీళ్లంతా ఆలస్యం కాకూడదు."

గింజ ఎడమచేతిలో బిగించి బస్సు దగ్గరికి నడిచాను. అందరూ ఎక్కారు, గింజలు టకటకా డబ్బాలో పడ్డాయి. కుడిచేత్తో నాది వేసి లెక్కపెట్టాను. నలభై అయిదు.

"ఒకటి తక్కువ" అన్నాను మెట్టుమీద నిలబడి.

"యల్లా, యల్లా!" అని తొందరపెట్టాడు డ్రైవరు. "ఖలాస్?"

"ఖలాస్ కాలేదు."

"ఎవురిది పెద్దమ్మా?" అన్నాడు ఓబులేసు.

"గింజమీద పేరుంటుందా నాయనా? వెతుకు."

నీళ్ల వరస దగ్గర చూసొచ్చాడు. మళ్లీ లెక్కపెట్టాను, నలభై అయిదే. ఆరూ పది. చంటిపిల్లను ఎత్తుకున్న పీలేరు ఆమె విసుక్కుంది. "ఒక్క గింజ కోసరం ఇంతమందిమి ఉడికిపోవల్నా?"

"అబ్దలీలో నీ గింజ తక్కువైనప్పుడు అందరం నీకోసం ఆగలేదా అమ్మా?"

ఆమె పిల్లను సర్దుకుంది. ఆమె మాటలో తప్పులేదు. ఆ పిల్ల వీపు చెమటతో తడిసిపోవడం చూశాను, అయినా పిడికిలి విప్పలేదు.

ఓబులేసు నా ఎడమచేతి వైపు చూశాడు. తర్వాత గుడారం వైపు చూశాడు.

"చెయ్యి ముడుచుకునిండావే, ఏమైంది?"

"వాతం."

"చుక్కలొస్తే తగ్గుతాదిలే" అని, డ్రైవరు దగ్గరికి పోయి టైర్లలో గాలి తక్కువుందన్నాడు. ఆరు టైర్లూ ఒక్కొక్కటే తట్టి, వంగి, చెవిపెట్టి విన్నాడు. మూడోదాన్ని రెండుసార్లు విన్నాడు. డ్రైవరు తిడుతూ వెంట తిరిగాడు.

ఆరూ నలభై ఏడుకు తూర్పున ఒక చుక్క కనిపించింది. కాసేపటికి రెండోది, మూడోది. మిల్కా గుడారం తెర తీసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. బస్సు ఇంకా ఉందేమిటన్నట్టు ఆగి చూసింది. పిడికిలి విప్పి ఆమె గింజ ఆమె చేతిలో పెట్టాను.

"ఎవరి గింజ వాళ్లే" అన్నాను.

తన చేత్తో తనే వేసింది. నలభై ఆరు. "ఇప్పుడు ఖలాస్" అన్నాను డ్రైవరుతో. పీలేరు ఆమె తన నీళ్ల సీసా మిల్కాకు అందించింది. మిల్కా మూడు ఖర్జూరాలు తిన్నది, మూడు నాకిచ్చింది. ఆ గింజలు కూడా డబ్బాలో పడబోతుంటే ఓబులేసు అరిచాడు. "అవి వెయ్యొద్దమ్మో! లెక్క జాస్తయి మళ్లా బస్సు నిలబడిపోతాది."

అక్టోబరు 2, మంగళవారం, ఉదయం పదింటికి అమ్మాన్‌లో విమానం ఎక్కాం. టికెట్టుకు మేం ఏమీ ఇవ్వలేదు. మరునాడు పొద్దున బొంబాయిలో మిల్కా నన్ను బడికి తీసుకెళ్లింది. వంటింట్లో గరిటెలు చిలక్కొయ్యలకు వరసగా వేలాడుతున్నాయి. తెల్లదారాలు ఒకవైపు, ఎర్రవి ఒకవైపు. ఆరున్నరకు గంట కొట్టారు. పిల్లలు నిద్రకళ్లతో వచ్చి చింతగింజలు వేస్తుంటే డబ్బా నాకిచ్చి పట్టుకోమన్నారు. పట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం కడప వైపు రైలెక్కాను. ఆ ఎడారి దారిన వెళ్లేవారికి ఒక్కటే చెబుతాను. నీళ్లూ రొట్టే ఎవరైనా ఇస్తారు. మనం ఎక్కామా లేదా అని చూసే మనిషి పక్కన ఉండేలా చూసుకోండి. నలభై ఆరు గింజలు పెట్టుకుని ఖైతాన్‌లో ఎక్కినవాళ్లం అందరం దిగాం. ఎంతమందిమో మాత్రం ఇప్పటికీ రాయలేదు.

రైల్లో రాసుకున్నది ఇది.

పోయినవి: ట్రంకుపెట్టె ఒకటి. కుట్టుమిషను ఒకటి. చీరలు పదకొండు. రెండు నెలల జీతం. డైరీలు ఏడు. చెప్పుల జత ఒకటి, బాగ్దాద్‌లో. తెల్లదారం చెంచా మిల్కా దగ్గరుంది, అది పోయినట్టు కాదు. మామా ఇంటి తాళాలు నా దగ్గరున్నాయి, ఇవ్వాలి.

గింజలు: ఒక్కటీ పోలేదు.