ఆ ఇద్దరికీ నేను మాట కలిపిన సంగతి

నా తెలివితక్కువ పనుల్లో చాలావాటికి నేనొక్కడినే నష్టపోయాను. ఒక్కదానికి మాత్రం ఇంకొకరి కాలు పోయింది. అందుకే ముందే ఒప్పుకుంటున్నాను. గోదావరిఖనిలో బొగ్గుబాయి సర్దారుగా ఇన్నేళ్లు చేసి, సర్దారంటే మనుషుల మధ్య సర్దేవాడని నమ్మిన మూర్ఖుణ్ని బహుశా నేనొక్కడినే. సర్దారు పని భూమి లోపల తన జట్టు ప్రాణాలు కాపాడటం. అంతకుమించి ఏమీ లేదు.

నా జట్టులో ఇద్దరు సపోర్టు పనివాళ్లుండేవారు. బొగ్గు పేల్చి తీశాక పైన మిగిలే రాతికప్పు కూలకుండా స్తంభాలు నిలబెట్టడం వాళ్ల పని. పెద్దాయనకు రిటైర్మెంటు ఇంకా మూడేళ్లుంది. ఆదివారం ప్రార్థన తప్పని మనిషి. రెండోవాడు నలభై దాటినవాడు, షిఫ్టు దిగితే ఊళ్లో పత్తిచేనుకు పోయేవాడు. ఒకే కంపెనీ క్వార్టరు ఇద్దరూ అడిగితే చిన్నవాడికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆరేళ్లు వాళ్ల మధ్య మాటల్లేవు.

అయినా వాళ్లంత మంచి జోడీ మా బాయిలో లేదు. పెద్దాయన ఇనుప కడ్డీతో కప్పును కొట్టేవాడు. చిన్నవాడు బొగ్గుకుప్ప ఎక్కి, ఆ పక్కనే రాతికి వేళ్లు ఆనించేవాడు. గట్టి రాయైతే ఖణేల్మంటుంది. వదులు రాయైతే పగిలిన కుండలా పలుకుతుంది, వేళ్ల కింద వణుకుతుంది. చిన్నవాడు తల అడ్డంగా ఊపితే చాలు, ఇద్దరూ వెనక్కి జరిగేవారు. చెవులు రెండు జతలు, పని ఒక్కటే.

మా ఆఫీసరు అప్పుడే ఏదో శిక్షణకు వెళ్లొచ్చాడు. కార్మికులు పనిచోట మనసు విప్పి మాట్లాడుకునేలా సర్దార్లు చొరవ తీసుకోవాలని సర్క్యులర్ పంపాడు. నన్ను పిలిచి, "మీ జట్టులో ఆరేళ్లుగా మాట్లాడుకోనివాళ్లు ఉన్నారట. మీకేమీ అనిపించడం లేదా?" అన్నాడు. అప్పటిదాకా అనిపించలేదు. ఆయన అడిగాక సిగ్గనిపించింది.

మర్నాడు బాయి గేటు ముందు హోటల్లో ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"కాకా, ఇంకెన్నేండ్లు మూతి ముడుసుకుంటవే? ఇగో, ఈడు నీ కోసం ఛాయ్ తెచ్చిండు" అన్నాను పెద్దాయనతో.

పెద్దాయన గుక్కెడు తాగి, ఆరేళ్ల తర్వాత మొదటిసారి వాడి ముఖం చూశాడు. "నాకు షుగరున్నదని తెల్వదారా? గింత చక్కెరెందుకు ఏపిచ్చినవ్?"

"గట్లనన్న తియ్యగ మాట్లాడుతవని, కాకా."

హోటలంతా నవ్వింది. సంగతి తెలిసి ఆఫీసరు అందరి ముందూ నా భుజం తట్టాడు. నేను వారం రోజులు ఆ భుజం కొంచెం ఎత్తి నడిచాను.

ఇక వాళ్లు ఆగలేదు. దీపాలు తీసుకునే గది నుంచి బొగ్గు తీసే చోటు దాకా ముచ్చటే. పత్తికి పట్టిన పురుగు, షుగరు గోలీలు, పాస్టరు గారి మోకాలు. కడ్డీ కప్పుకు తగులుతూనే ఉండేది, వేళ్లు రాతికి ఆనుతూనే ఉండేవి. కానీ చెవులు ఇప్పుడు ఒకరి దగ్గర ఒకరివి ఉన్నాయి.

ఆ రోజు మొదటి షిఫ్టు. నేను ఇరవై అడుగుల దూరంలో ఉన్నాను.

"ఆ క్వార్టరు నీకు రాలేదని ఏడిసినవ్ గని కాకా, బాత్రూం మీదికెల్లి కురుస్తది. గొడుగు వట్టుకొని తానం జేస్తున్న."

పెద్దాయన పగలబడి నవ్వాడు. కప్పు నుంచి సన్నటి పెళ్లలు రాలే ఉంటాయి, రాలకుండా ఏ కప్పూ కూలదు. వాళ్లు వినలేదు. నేనూ వినలేదు. నేను వాళ్ల నవ్వు వింటూ మురిసిపోతున్నాను.

పడిన రాయి మంచమంత ఉంది. పెద్దాయన దానికి మూరెడు దూరంలో మిగిలాడు. చిన్నవాడి కాలు దాని కింద ఉంది.

దవాఖానలో మోకాలి కిందికి తీసేశారు. తెలివి రాగానే వాడు నా చెయ్యి పట్టుకుని, "అన్నా, కాకకు జెప్పు. ముచ్చటవెట్టింది నేనే. ఆయన తప్పేం లేదు" అన్నాడు. వెళ్లి చెప్పాను. పెద్దాయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తల ఎత్తలేదు, లోపలికీ రాలేదు.

మూడో రోజు ఆఫీసరు పిలిచాడు. "వాళ్లిద్దరూ డ్యూటీలో కబుర్లలో పడి కప్పు చూసుకోలేదని రాసివ్వండి. మిగతాది నేను చూసుకుంటాను."

అలా రాస్తే పెద్దాయన ఉద్యోగం పోతుంది. కాలు పోయినవాడు తన కాలికి తానే దోషి అవుతాడు.

"మాట్లాడుకొమ్మన్నది మనమే గద సార్?"

"పని చేస్తూ మాట్లాడుకోమన్నామా?"

"బాయిల పని గాక ఇంకేముంటది సార్?"

ఆయన తెల్లకాగితం ఒకటి నా ముందుకు తోశాడు. నేను ఇంటికెళ్లి నాలుగు వాక్యాలు రాశాను. వాళ్లు మాట్లాడుకున్నది నా ఆదేశం మీద. రాయి పడే ముందు చప్పుడు పట్టుకోకపోవడం నా తప్పు. ఆదేశానికి ఆధారం జతచేసిన సర్క్యులర్. ఆరేళ్ల మౌనాన్ని పోగొట్టినందుకు మా ఆఫీసరు గారికి జట్టు తరఫున కృతజ్ఞతలు. ఆ కాగితం ఆయనకివ్వకుండా నేరుగా విచారణ అధికారికి అందజేశాను.

వాళ్లిద్దరి మీదా చార్జిషీటు రాలేదు. నాకు వచ్చింది, రావలసిందే. పెద్దాయన మళ్లీ బాయి దిగలేదు. పైన పని ఇచ్చారు. నేనెదురైతే ఇప్పటికీ పక్కదారి పడతాడు. దానికి నేనెవరినీ ఏమీ అనలేను.

విచారణ రోజు నా కాగితాన్ని పైకి చదివే పని మా ఆఫీసరుకే పడింది. మూడు వాక్యాలు గడగడా చదివాడు. నాలుగోదానికి, తనకు చెప్పిన కృతజ్ఞతల దగ్గరికి వచ్చేసరికి గొణగడం మొదలుపెట్టాడు. నేను లేచి, చెవి వెనక చెయ్యి పెట్టి, "జర గట్టిగ చదువుండ్రి సార్, వినవడలే" అన్నాను.

మళ్లీ చదివాడు. రెండోసారి కూడా వినబడలేదన్నాను.