సర్కారు బిళ్ల చేపలు

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఆఫీసులకు మేడలు చాలక డేరాలు వేశారు. అలాంటి ఒక డేరాలోంచి లేచి చేపల ఆఫీసరొకాయన వానలకు ముందు మా ఊళ్ళో జీపు దిగాడు. తుంగభద్ర ఆనకట్ట కింద, మడుగు ఒడ్డున మాది చిన్న బెస్తవాడ. ఐదో తరగతి చదివి ఆ వాడకు కోడలిగా వచ్చినదాన్ని నేను. నా చదువును అంత లోకువగా చూసిన చోటు మరొకటి లేదు.

ఆఫీసరుకు ఒకటే సందేహం. వరదొచ్చినప్పుడు మా మడుగులోని చేపలు గుడ్లు పెట్టడానికి ఆనకట్ట ఎక్కి ఎగువకు పోతాయా, కిందే ఉండిపోతాయా? పోయేవైతే వరద నెలల్లో మేము వల వేయకూడదు. ఉండిపోయేవైతే మా జోలికి రారు. మాకు ఏడాది తిండి వచ్చేదే ఆ నెలల్లో. ఆయన మా వాళ్ళ చేతనే బొచ్చె చేపలు పట్టించి, ఒక్కోదాని చెంపకు తళతళలాడే బిళ్ల తీగతో కుట్టించి మళ్ళీ నీళ్ళలో వదిలించాడు. "బిళ్ల చేప ఎవరికి పడినా మాకు తెచ్చివ్వండి" అని చెప్పి జీపెక్కాడు. ఏట్లో తిరిగే చేపను డేరాలో కూర్చుని కనిపెట్టబోయిన మహానుభావుడు!

ఇక మా వాళ్ళ తెలివి చెప్పాలి. మొదటి బిళ్ల చేప మా ఆయన వలలోనే పడింది. చూసి మా అత్త చెంపలేసుకుంది.

"ముక్కుపోగేసి వదిలినారంటే మొక్కుబడి కాదా? వానల్లేక సర్కారోళ్ళు గంగమ్మకు మొక్కుకున్యారు. వదిలేయి నాయనా!"

"మొక్కు కాదత్తా. చేప యాడికి పోతాదో చూడాలని గుర్తు పెట్టినారు" అన్నాను.

"సర్కారుకు మొక్కులుండవా ఏమే? నాలుగచ్చరాలు రాంగానే దేవర గూడా కానరాదు నీకు."

చేపకు పసుపు రాసి, బొట్టు పెట్టి వదిలారు. ఆ తర్వాత ఎవరి వలలో పడినా అదే పూజ. వరదంతా పడిన చేపే మళ్ళీ పడేది. ఒక్కటీ మడుగు దాటిన పాపాన పోలేదు. ఈ చేపలను ఆఫీసరుకిస్తే మన వలల జోలికి రారని ఇంటింటికీ తిరిగి చెప్పాను. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది.

వరద తీశాక ఆఫీసరు వచ్చి, ఒక్కటైనా పడిందా అని అడిగాడు. మొక్కు చేపను వలలో పట్టామంటే జైల్లో వేస్తారని మా కులపెద్దకు భయం. తలగుడ్డ తీసి ఏటికి దండం పెట్టాడు.

"గంగమ్మ సాచ్చిగా ఒగటి గూడా పడలేదు దొరా. అంత పాపం మేమెందుకు చేస్తాము?"

ఆఫీసరు ముఖం వెలిగిపోయింది. కింద పడలేదంటే అన్నీ ఎగువకు ఎక్కిపోయినట్టే కదా! ఎగువ ఊళ్ళ బెస్తలకు కూడా ఒక్కటి దొరకలేదన్న సంగతి ఆ పెద్ద బుర్రకు తట్టలేదు.

ఇక ఉండబట్టక నేను ముందుకొచ్చాను. "పడినాయి సార్. శానా పడినాయి. ఈళ్ళే మళ్ళా వదిలేసినారు."

"మరి బిళ్లలేవమ్మా?"

"చేపలకే ఉండాయి."

ఆయన నవ్వాడు. "ఆడపిల్ల, దానికేమీ తెలీదు దొరా" అని కులపెద్ద కూడా నవ్వాడు. అంతవరకు ఒకరి మాట ఒకరికి అర్థం కాని ఇద్దరూ నన్ను చూసి నవ్వడంలో మాత్రం చక్కగా కలిసిపోయారు.

మరుసటి ఏడు తొలకరికే మడుగులో వల వేయరాదని చాటింపు వేశారు. గట్టు మీద కాపలా పెట్టారు. మా ఆయన బేతంచెర్ల రాతిగనికి కూలికి పోయాడు. పుట్టి బుద్ధెరిగి వలతాడు తప్ప మరొకటి పట్టని మనిషి. ఆ ఏడు ఏరు రెండు గట్లూ ఒరుసుకుని పారింది. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో కూర్చుని మా అత్త, "చూస్తివా, సర్కారు మొక్కు పలించింది" అని మురిసిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వారానికి మా ఆయన ఇంటికొచ్చాడు. అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. సంగటి తుంచుకోవడానికి వేళ్ళు వంగలేదు. నేనే తినిపించాను. నమలడం ఆపి, "ఏరు యాడిదాకా వచ్చిండాది?" అని అడిగాడు.

"మన వాకిలి కాడికి" అన్నాను.

ఆయన వాకిలి వైపు చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. కనబడకుండా తల వంచుకుని ఇంకో ముద్ద కలిపాను.