లేపు అన్న మాట

వీడియో గేములో ఆటగాడికి ఇచ్చే అవకాశాలను ఖమ్మం పిల్లలు మొదటినుంచీ పాణాలనే పిలిచారు. "నీకెన్ని పాణాలున్నయ్‌రా?" "రెండు." "నావి ఒడిసినయ్, ఒకటియ్యవా?" సైకిలు పంపు అడిగినంత తేలిగ్గా అడుక్కునేవాళ్లు, అంతే తేలిగ్గా ఇచ్చేసేవాళ్లు. ఆటలో దెబ్బ తగిలితే "సచ్చిన" అనేవాళ్లు. మళ్లీ లేస్తే "బతికిన" అనేవాళ్లు. జస్టిన్ ఈ మాటల మధ్య పెరిగాడు. నలభై దాటి, జుట్టు పలచబడి, తిరుమలాయపాలెం దగ్గర పత్తి జిన్నింగ్ మిల్లులో లారీలు తూచే కాంటా చూసుకుంటున్నా ఆ మాటలు వదల్లేదు. ఆ అలవాటే అతన్ని ముంచింది. నిజంగా ప్రాణం పోతున్న స్నేహితుడు ఆ మాటలే అంటే, ఆట అనుకున్నాడు.

ఆ స్నేహితుడు బొజ్జయ్య. దుమ్ముగూడెం దాటి లోపలికి పోతే వచ్చే ఒక కోయ గూడెం అతనిది. చిన్నప్పుడు ఖమ్మంలో మిషన్ హాస్టల్లో ఉండి చదివాడు. ఆ హాస్టల్‌కు వాచ్‌మన్ జస్టిన్ తండ్రి ఆంథోని. ఒక క్రిస్మస్‌కు ఆంథోని బెజవాడ నుంచి కొడుక్కి వీడియో గేము తెచ్చాడు. బూడిదరంగు పెట్టె, రెండు రిమోట్లు, పసుపుపచ్చ క్యాసెట్టు. టీవీలో బొమ్మ రాకపోతే క్యాసెట్టు పీకి, నోటితో ఊది, మళ్లీ గుచ్చాలి.

"నువ్వు ఊదితే దుమ్ము పోదురా, ఉమ్మి పోతది. ఇటు తే," అని బొజ్జయ్య లాక్కునేవాడు. అతను ఊదితే బొమ్మ వచ్చేది.

ఇద్దరు సిపాయిలు తుపాకులు పట్టుకుని అడవిలో పరిగెత్తే ఆట ఒకటి ఉండేది. ఆదివారం చర్చిలో పూజ కాగానే వాచ్‌మన్ గదిలో చేరి అదే ఆడేవాళ్లు. "ఇదేం అడివిరా? ఒక్క ఇప్పచెట్టు లేదు, కాలికింద ఒక్క చీమ లేదు. ఈ బొమ్మ గీసినోడు అడివి మొఖం సూసిండా?" అని బొజ్జయ్య నవ్వేవాడు. ఆ ఆటలో ఒకడి పాణాలు అయిపోతే రెండోవాడి దగ్గర్నుంచి ఒకటి తీసుకునే వీలుంది. ఎప్పుడూ తీసుకునేది జస్టినే. బొజ్జయ్య ఒక్కసారీ వద్దనలేదు.

పదో తరగతి తప్పి బొజ్జయ్య ఊరికి పోయాడు. పోడు చేను, పత్తి, శ్యామలతో పెళ్లి, పిల్లలు. జస్టిన్ ఇక్కడ తన ఆటలతో మిగిలాడు. పాతవన్నీ పోగేశాడు. చేతిలో పట్టే ఇటుకల ఆట, మూతపడ్డ నెట్ సెంటర్ల నుంచి తెచ్చుకున్న సీడీలు, జాయ్‌స్టిక్కులు. వెనక బుర్రలాంటి లావు టీవీ చెడిపోతే బాగుచేసేవాడి కోసం వరంగల్ దాకా మోసుకుపోయాడు. ఆ పాత ఆటల్లో ఆకాశం ఒకటే నీలం. ఆ నీలం చూస్తే చాలు, తండ్రి గదిలో కిరోసిన్ స్టవ్వు వాసన ముక్కుకు తగిలేది. కొత్త ఆటలంటే ఇంకొక మోజు. గాలికి గడ్డి కదులుతుంది, వాన పడితే ఆటలోని మనిషి చొక్కా తడుస్తుంది. తడిసిన చొక్కా చూడడానికే ఆట ఆపి నిలబడేవాడు.

"ఫాదర్ ప్రసంగం చెప్తాంటే నిమిషానికోసారి గడియారం సూస్తవ్. దీని ముందల పూటలకు పూటలు కూసుంటవ్," అని భార్య అక్సా దెప్పేది.

"ప్రసంగంల పాణాలుండయ్ గదనే," అనేవాడు జస్టిన్.

తర్వాత సెల్‌ఫోన్లలో యుద్ధం ఆట వచ్చింది. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు ఒక జట్టుగా దిగి, చెవిలో మాట్లాడుకుంటూ ఆడతారు. అందులో దెబ్బ తగిలినవాడు వెంటనే చావడు. మోకాళ్ల మీద పాకుతుంటాడు. జట్టులో ఇంకొకడు వచ్చి పక్కన కూర్చుని, తెర మీద వేలు నొక్కి పట్టుకుంటే మళ్లీ లేస్తాడు. దాన్ని వీళ్లు "లేపు" అన్నారు. ఇరవై ఏళ్ల తర్వాత జస్టిన్‌కు బొజ్జయ్య మళ్లీ దొరికింది ఈ ఆటలోనే. గూడెంలో సిగ్నల్ రాదు. చేను పక్కన గుట్ట ఎక్కితే వస్తుంది. కాబట్టి "బాగున్నవా?" అని అడిగే బదులు "గుట్టెక్కినవా?" అని అడగడం జస్టిన్‌కు అలవాటైంది.

ఆ ఆదివారం వాన పడి వెలిసింది. వానాకాలం మిల్లుకు పని ఉండదు. మధ్యాహ్నం జస్టిన్ ఫోను చేస్తే అదృష్టం కొద్దీ కలిసింది.

"గుట్టెక్కరా."

"సగం గుట్ట మీదనే ఉన్న, ఎడ్లను తోలనీకె వచ్చిన. ఇయ్యాల ఆట వద్దురా. పొద్దుగాల సంది ఎద మండుతాంది. గ్యాస్ కావచ్చు."

"జర నీళ్లు తాగి ఎక్కు, అదే పోతది. నువ్వు లేకుంటే మొఖం తెల్వని పోరగాళ్లతోని ఆడాల్నా?"

"నీ పాడుగాను. వస్తున్న, ఉండు."

ఆట మొదలైంది. ఒక మేడ మీద కిటికీ దగ్గర జస్టిన్ తుపాకీ పెట్టి కూర్చున్నాడు. కింద శత్రువులు. బొజ్జయ్య వెనక ఎక్కడో ఉన్నాడు.

"జస్టినా... సచ్చిన్రా."

"సావు."

"పాణం పోతాందిరా. లేపు."

"ఆగు, మీదికి ఇద్దరొస్తున్రు. సచ్చినోనివి సచ్చినట్టు పండుకో."

చెవిలో ఏదో బుసబుసమని వినిపించింది. అక్కడ గాలి వీస్తోంది కాబోలు అనుకున్నాడు. "లేపు" అని ఇంకొకసారి వినిపించింది. ఆ ఇద్దరినీ పడగొట్టి, గెలిచిన హుషారుతో వెనక్కి తిరిగాడు. బొజ్జయ్య బొమ్మ ఒక చెట్టు కింద నిటారుగా నిలబడి ఉంది. నెత్తి మీద ప్రాణం గీత నిండుగా ఉంది. ఒక్క దెబ్బ తగల్లేదు.

"బతికే ఉన్నవ్ గదరా దొంగ! నాతోని నాటకాలా?"

జవాబు లేదు. బొమ్మ కదల్లేదు. ఎవడో దూరం నుంచి కాల్చాడు. అది పడిపోయింది. సిగ్నల్ పోయిందని తిట్టుకుని జస్టిన్ ఫోను పక్కన పడేశాడు. అక్సా పిలిస్తే పోయి అన్నం తిన్నాడు.

మర్నాడు పొద్దున బొజ్జయ్య నంబరు నుంచి ఫోను వచ్చింది. ఎత్తుతూనే, "ఏందిరా సచ్చినోడా, యాడ పోయినవ్?" అన్నాడు.

అవతల ఆడగొంతు వినిపించింది. "అన్నా, నేను శ్యామలను. సచ్చిపోయిండు. నీకెట్ల తెలిసింది?"

పశువులు కాసేవాళ్లు చూశారట. గుండె ఆగిందన్నారట. చెవిలో తీగలు అట్లాగే ఉన్నాయట. శ్యామల ఏడవలేదు. "నీతోనే మాట్లాడిండు గదా అన్నా. ఆఖరికి ఏమన్నడు?" అని అడిగింది.

"ఏమనలేదు చెల్లే. సిగ్నల్ పోయింది," అన్నాడు జస్టిన్.

గోదావరి పొంగి దారులు మూసుకుపోవడంతో మట్టి చేసేనాటికి పోలేకపోయాడు. పోలేకపోయినందుకు తన గుండె కుదుటపడటం తనకే తెలిసి సిగ్గుపడ్డాడు. శ్యామల మాత్రం వదల్లేదు. సిగ్నల్ కోసం అదే గుట్ట ఎక్కి ఫోను చేసేది. అదే మాట అడిగేది. గూడెంలో జనం నవ్వుతున్నారట. ఫోను పిచ్చిలో పోయాడనీ, పెండ్లాం పిల్లలు యాదికే రాలేదనీ అంటున్నారట. "ఒక్క మాటన్న అని ఉంటడన్నా. మంచిగ యాది చేసుకో," అని బతిమాలేది.

జస్టిన్ అక్సాకు ఉన్నదంతా చెప్పాడు. అక్సా చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది.

"ఆమె పేరు తలిచిండని చెప్పు," అంది చివరికి. "అబద్ధమే. గానీ ఆమెకు బువ్వ తినబుద్ధయితది. నీకూ సులువైతది."

వరద తీశాక భద్రాచలం బస్సెక్కాడు. దారి పొడుగునా ఆ అబద్ధాన్ని నోట్లో తిప్పుకున్నాడు. "శ్యామలా అన్నడు. పిల్లలు జాగ్రత్త అన్నడు." ఎన్నిసార్లు తిప్పుకుంటే అంత నిజంలాగా అనిపించింది. ఆటో దిగి చేను దగ్గరికి పోయేసరికి బొజ్జయ్య ఆ మాట అన్నట్టే ఉంది.

శ్యామల పత్తిలో కలుపు తీస్తోంది. లేచి, చేతి మట్టి దులుపుకుని, సీసాలో నీళ్లిచ్చింది. అతను తాగేదాకా ఆగింది.

"చెల్లే," అని మొదలుపెట్టాడు జస్టిన్. "ఆ పొద్దు ఆడు నీ..."

"ఆగన్నా. ముందుగాల నా మాట ఇను." చేతితో గుట్ట చూపించింది. పెద్ద దూరం కాదు. మీద ఎవరో దగ్గితే కింద వినపడేట్టుంది. "ఆ పొద్దు నేను ఈ సాల్లనే ఉన్న. తలకాయ ఎత్తితే ఆ బండ కనపడతది. ఒక్క కేకేస్తే ఇనపడతది. కేకేసిండేమో, నేను ఇనలేదేమో అని నాకు కన్ను మూతపడ్తలేదు. నన్ను పిలిచిండా అన్నా? పిలిస్తే నేను ఇనలేదా? అదొక్కటి చెప్పు."

జస్టిన్ దగ్గరున్న అబద్ధం అక్కడే చచ్చిపోయింది. ఆమె పేరు తలిచాడంటే, ఆమె వినలేదని చెప్పినట్టే. ఓదార్పు అనుకుని ఇంత దూరం మోసుకొచ్చింది ఆమె నెత్తిన బండలా పడుతుంది.

"నిన్ను పిలవలే," అన్నాడు. "నన్ను పిలిచిండు. ఇననిది నేను."

చెప్పడం మొదలుపెట్టాక ఆపలేదు. ఎద మండుతోందన్నది చెప్పాడు. నీళ్లు తాగి ఎక్కమన్నది చెప్పాడు. సచ్చినట్టు పండుకో అన్నది కూడా చెప్పాడు. శ్యామల ముఖంలో మొదట ఏదో వదులైంది. ఊపిరి పీల్చుకుంది. తన తప్పు లేదని తేలింది. అంతలోనే ఆ వదులైన చోట ఇంకేదో వచ్చి బిగుసుకుంది.

"నేను గింత దగ్గరున్న. నీ పేరే అన్నడా?"

"అవ్."

"ఏమన్నడు?"

"లేపు అన్నడు."

"లేపుడేంది?"

జస్టిన్ చెప్పాడు. ఆటలో పడిపోయిన మనిషి, పక్కన కూర్చునే మనిషి, నొక్కి పట్టిన వేలు. తన నోటితో తను చెబుతుంటే అది పిచ్చివాడి మాటలాగా వినిపించింది. శ్యామల కొడవలి పత్తిచెట్టు మొదట్లో పెట్టింది.

"పా. సూపియ్యి."

"వద్దు చెల్లే."

"సూపియ్యమన్న గదా. నా మొగడు ఏమడిగి సచ్చిండో నేను సూడొద్దా?"

ఆమె ముందు, అతను వెనక గుట్ట ఎక్కారు. బొజ్జయ్య కూర్చునే బండ మీద ఆమె కూర్చుని, పక్కన చోటు చూపించింది. జస్టిన్ ఆట తెరిచాడు. ముఖం తెలియని మనుషులతో జట్టు కలిసింది. కొంచెం సేపటికే జట్టులో ఎవడో దెబ్బ తిని మోకాళ్ల మీద పడ్డాడు. "ఉఠా దే భాయ్, ఉఠా దే," అని హిందీలో లేపమని అరుస్తున్నాడు. గొంతు మనదేశంలో ఏ మూలదో తెలియదు. తుపాకులు మోగుతున్నా జస్టిన్ అడ్డంగా పరిగెత్తాడు. పోయి పక్కన కూర్చున్నాడు. బొటనవేలు నొక్కి పట్టాడు. తెర మీద చిన్న గుండ్రం నిండింది. పడ్డవాడు లేచి నిలబడ్డాడు.

శ్యామల తెర మీదికి వంగి చూస్తోంది.

"గింతేనా?" అంది.

"గింతే."

"గింత సేపు ఆగలేకపోయినవా అన్నా?"

ఆమె జవాబు కోసం ఆగలేదు. కొంగు నడుముకు చుట్టుకుని గుట్ట దిగింది. తను వదిలిన సాలు వెతుక్కుని, కొడవలి తీసుకుని వంగింది. మళ్లీ తల ఎత్తలేదు.

జస్టిన్ బండ మీదే ఉండిపోయాడు. తను లేపినవాడు చెవిలో "చలో భాయ్, చలో," అని పిలుస్తూనే ఉన్నాడు.