సంగటి నమిలిన మామ

మా మామ లెక్కలో మనుషులు రెండే రకాలు: రాగిసంగటి ముద్దను మింగేవాళ్లు, నమిలేవాళ్లు. రెండో రకానికి పిల్లనివ్వకూడదని ఆయన సిద్ధాంతం. చిత్తూరులో ఎవరింట భోంచేసినా సరే, పక్కవాడి దవడ కదిలితే, "ఏమప్పా, రాళ్లేమన్నా ఉండాయా?" అనేవాడు.

అమ్మ పుట్టినరోజుకని అందరం సింగపూరు వెళ్లాం. పెట్టెల్లో బట్టలకంటే రాగిపిండి ఎక్కువ. బసలో వంటిల్లు ఉండేసరికి తన విందుకు అమ్మ తనే సంగటి గెలికి, నంజుకోను ఊరిబిండి పచ్చడి నూరింది.

మామ పాత కథ ఎత్తుకున్నాడు. చిన్నప్పుడు పూతలపట్టు తిరునాళ్లలో చెల్లెలిని, అంటే మా అమ్మను, భుజం మీంచి దించి, పొరపాటున ఇంకెవరి పిల్లనో ఎత్తుకుని ఇంటికొచ్చిన కథ. మేం నవ్వుతుండగా ఆయన ముద్ద నా కంచంలోకి వచ్చేసింది. విమానమెక్కినప్పటి నుంచీ అదే తంతు. ప్రేమనుకుని తిన్నాను.

"నువ్వు తినలేదే అన్నా," అంది అమ్మ.

ఆయన గోలీ అంత ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ కదిలింది. కదులుతూనే ఉంది.

"మామా, రాళ్లేమన్నా ఉండాయా?" అన్నాను. నవ్వింది నేనొక్కడినే.

"ఎన్నాళ్ల నుంచి అన్నా ఇట్ల?" అంది అమ్మ.

"గొంతులో గడ్డంట మే. ముదిరిపోయిందన్నారు. ఊరికి పోయినాక చెప్దామనుకున్నా. ఈ పొద్దు నీ పుట్టినదినం గదా."

అమ్మ ఏడవలేదు. కాస్త సంగటిని మజ్జిగలో పలచగా పిసికి, గ్లాసులో పోసి ఆయన ముందు పెట్టింది. "తాగు. ఆ పిల్లను మళ్లా యాడ వదిలిపెడితివో చెప్పు."

గుక్కగుక్కకూ ఆగుతూ చెప్పాడు. ఆ కథ అమ్మకు కంఠతా వచ్చు. అయినా ఒక్క మాటా అందించలేదు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా మాలో ఎవరూ చేయి కడుక్కోలేదు.